తవుడు బస్తాల లాప్‌టాప్

బోనాలకు ఇంక రెండు రోజులున్నయి. శుక్రవారం, పొద్దుగాల పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గౌలిపురల మా ఇంటి మేడ మీద, రేకుల కింద, తవుడు బస్తా మీద ఒక పోలీసాయన కూసున్నడు. ఆ బస్తాల నేను లాప్‌టాప్ దాచిపెట్టిన.

టైము పక్కా యాదున్నది. ఆయన కూసోంగనె ఆయన మొఖం చూసే ధైర్యం లేక చేతి గడియారం దిక్కు చూసిన. అందుకని.

దానికి ముందు రోజు సంగతి మొదలు చెప్త.

మా ఇంట్ల నలుగురం. నేను, నా కొడుకు, కోడలు, మనుమరాలు. కొడుకు గల్లీలకు నల్లా నీళ్ళు ఇడిసే పని చేస్తడు, ఏ పూటకు ఇంట్ల ఉంటడో వానికే తెల్వదు. కోడలు సర్కారు బడిల వంట చేస్తది. కింద వాకిట్ల రెండు బర్రెలున్నయి. ఒకప్పుడు ఇరవైదాక ఉండె. మనుమరాలికి డిప్లొమాల సీటు వచ్చింది, కాలేజి ఊరి బయట, హాస్టల్ల ఉండాలె. బోనాలైనంక బుధవారం నాడు చేరాలె. కాలేజోళ్ళు ఇచ్చిన కాయితంల, ప్లేటు, బకీటు, దుప్పటి అని రాసి, కింద లాప్‌టాప్ అని రాసిండ్రు. చిన్నదైన సరే, మోస్కతిరిగేటట్టు ఉండాలెనట.

కొత్తది మా చేత కాదు. చార్మినార్ అవతల గల్లీల, గాజుల దుకాణాల మీది అంతస్తుల పాత లాప్‌టాప్‌లు అమ్మే ఆయన ఉన్నడని పిల్ల దోస్తు చెప్పిందట. గురువారం మేమిద్దరం పోయినం. ఆటో మదీనా చౌరస్తా దాక గూడ పోలే, నడుమలనే దించిండు. పండుగ గిరాకీ, ఇసుకేస్తె రాలని జనం. మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు పనిచెయ్యలే.

దుకాణపాయనకు నలభై దాటి ఉంటయి. గడ్డం సగం తెల్లవడ్డది. ముందట చిన్న చిన్న స్క్రూలు ఒక సాసర్ల పోసుకొని కూసున్నడు.

"చెప్పుండ్రి అమ్మా, ఏం గావాలె?"

"పిల్ల సదువుకు, భాయ్. చిన్నది. బరువుండొద్దు. ఒక్కపాలి చార్జింగు పెడితె దినమంత నడవాలె. నడుమల మొండికెయ్యొద్దు."

"బాపమ్మా, బర్రెను కొంటున్నవా?" అని పిల్ల నా చెవుల గొణిగింది.

"బర్రె మన వాకిట్ల ఉంటది, కండ్ల ముందట. ఇది నీతోని హాస్టల్‌కు వస్తది. దానికంటె ఎక్కువ చూడాలె."

ఆయన మూడు పెట్టిండు. మొదటిది ఎత్తితె పిండి రోలు ఎత్తినట్టున్నది. వద్దన్న. రెండోదాని మూత ఊగుతున్నది, ముసలి దవడ తీరుగ. వద్దన్న. మూడోది బూడిద రంగుది, సన్నగ, ఒక చేత్తోని పట్టుకోవచ్చు. నేను దాన్ని తిప్పి కింద చెయ్యి పెట్టి చూసిన, వేడి ఎంతున్నదో అని. ముక్కు కాడికి తెచ్చి వాసన చూసిన. లోపల ఏదైన కాలితె వాసన దాగదు. చెవు పెట్టి విన్న. పిల్ల అన్ని బటన్లు ఒక్కొక్కటి ఒత్తి చూసింది. కెమెరా చూసింది. నచ్చింది దానికి. మొఖంల తెలుస్తది గదా.

"నెట్ పెట్టి గూడ చూద్దాం బాపమ్మా," అని ఫోన్ తీసింది.

"ఇక్కడెందుకు? మూడు పూటలు ఇంట్ల పెట్టుకొని చూస్తం గదా," అన్న నేను.

ఈ మాట నాదే. ఇంకొకరి మీద ఎయ్యను.

మాది పాల ఇల్లు. మా పాలోళ్ళల బర్రెను కొంటె మూడు పూటలు పిండినంకనే బేరం ఖాయం. అమ్మేటోడు ముందటి పూట పిండకుంట ఆపి, పొదుగు నిండుగ చూపిస్తడు. అంగడిల ఎంత చూసిన అది అబద్ధమే. అందుకని సగం ఇచ్చి ఇంటికి తోల్కొచ్చుకుంటం. మాపు ఒక పూట, తెల్లారి ఒక పూట, మళ్ళ మాపు ఒక పూట. పాలు సరిగ్గ ఇస్తె మిగిలింది ఇస్తం, లేకుంటె తోల్కపోయి అప్పజెప్తం. నా పెండ్లైనకాడికెల్లి ఇదే చూసిన. ఇది తప్ప వేరే తీరుగ కొనుడు నాకు తెల్వదు.

దుకాణపాయనకు చెప్పిన. ఆయన మస్తు నవ్విండు.

"అమ్మా, యే భైంస్ నై హై!"

"బర్రె కాకుంటేంది భాయ్. కొత్త ఇంట్ల కట్టేస్తెనే దాని గుణం బయటవడ్తది."

ఆయన జరసేపు గడ్డం గోక్కుండు. "సరె. మా అమ్మ గూడ గిట్లనే, వంకాయ గూడ ఇంటికి తెచ్చినంకనే పైసలియ్యాలె అంటది. సగం ఇచ్చి తీస్కపోండ్రి. రేపు జుమ్మా, దుకాణం బంద్. శనివారం రాండ్రి."

ఎవరి పేరు మీద రాయాలె అని అడిగిండు. పిల్ల పేరు మీదనే రాయ్, సదువుకునేది అదే గదా అన్న. గొప్పకు అన్న. ఆయన పిల్ల ఆధార్ జిరాక్స్ తీసుకున్నడు, పెద్ద రిజిస్టర్ల దానితోని సంతకం పెట్టిచ్చుకున్నడు. పిల్ల సంతకం ఎంత సక్కగున్నది అని నేను మురిసిన.

మాపు ఆరు గంటలకు మొదటి పూట. నేను బర్రెలకు మేతేసి వచ్చి పిల్ల పక్కన కూసున్న. కొడుకు డ్యూటీ మీద ఉన్నడు, కోడలు వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. పిల్ల ఫోన్ల నెట్ లాప్‌టాప్‌కు కలిపింది. అయిదు నిమిషాలు మంచిగనే నడిచింది. అటెన్క అద్దమంత తెల్లగయ్యింది. నడుమల నాలుగు లైన్లు ఇంగ్లిష్‌ల వచ్చినయి, కింద ఒక ఫోన్ నంబరు.

నాకు ఇంగ్లిష్‌ల పెద్ద అక్షరాలు మాత్రం తెలుస్తయి, కూడబలుక్కునుడు రాదు. పిల్ల చదివి, మళ్ళ మొదటికెల్లి చదివింది.

"ఏం రాసిండ్రు?"

"ఇది మా ఆఫీసుదని రాసిండ్రు బాపమ్మా. పోయిందట. బంద్ చేసినమని, ఎవరికి దొరికిన తిరిగి ఇయ్యాలెనని."

"మూత పెట్టి మళ్ళ తెరువు."

తెరిచింది. అదే. మళ్ళ బంద్ చేసి మళ్ళ పెట్టింది. అదే.

"ఇది దొంగ సొమ్మా బాపమ్మా?"

"మెల్లగ మాట్లాడు."

నేను లేచి తలుపుకు గొళ్ళెం పెట్టిన. ఎందుకో ఇప్పుడు చెప్పాలె. నా కొడుకు మూడేండ్లోడు ఉన్నప్పటి సంగతి. మా ఇంటాయన ఒక బర్రెను ఇట్లనే మూడు పూటల బేరం మీద తెచ్చిండు. రెండో పూట పిండుతుండంగ పోలీసోళ్ళు వచ్చిండ్రు, వాళ్ళెంబడి ఒక ముసలాయన. ఈ బర్రె నాది, నా కొట్టంలకెల్లి ఇప్పుకొచ్చిండ్రు అన్నడు. మా ఇంటాయన ఉన్నదున్నట్టు చెప్తె అయిపోతుండె. ఫలానా అంగడిల ఫలానోని కాడ కొన్న అంటె అయిపోతుండె. భయానికి నోట్లెకెల్లి ఏమొచ్చిందంటె, ఇది మా ఇంట్ల పుట్టిన బర్రె అన్నడు. ముసలాయన లొల్లి చెయ్యలే. అవతల నిలవడి దాన్ని పేరు పెట్టి పిలిచిండు. బర్రె తల తిప్పి ఆయన దిక్కు చూసి అరిచింది. గంతే. నెల దినాలు లోపలేసిండ్రు. ఏదో కాయితం మీద వేలిముద్ర ఏయించుకున్నరు, దాంట్ల ఏమున్నదో ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు. బయటికొచ్చినంక ఆయన ఎవ్వల కండ్లలకు చూసి మాట్లాడలే, పోయేదాక.

ఇప్పుడు ఈ లాప్‌టాప్ గూడ మా ఇంట్లకొచ్చి దాని మాలిక్‌ను పిలిచింది. రిజిస్టర్ల సంతకం పిల్లది. ఆధార్ పిల్లది. బుధవారం కాలేజి. పదిహేడేండ్ల పిల్ల మీద దొంగ అని పేరు పడితె ఇంక ఆ కాలేజి ఎక్కడిది, ఏదెక్కడిది.

పిల్ల దుకాణపాయనకు ఫోన్ కొట్టింది. మోగింది, మోగింది, ఎత్తలే. అద్దం మీదున్న నంబరుకు చేస్త అన్నది. నేను ఫోన్ గుంజుకున్న. "నీ నంబరు వాళ్ళకు పోతది. నంబరు పోతె ఇల్లు దొరుకుతది." కొడుక్కు చెప్త అన్నది. వద్దన్న. అప్పట్ల నేను ఠాణా ముందట కూసుంటె, వాడు ఆ గోడ పక్కన నెల దినాలు ఆడుకున్నడు. వానికి యాది లేదంటడు, నాకు నమ్మకం లేదు.

దాన్ని ప్లాస్టిక్ కవర్ల సుట్టి, తువ్వాలల సుట్టి, మేడ మీద తవుడు బస్తాల లోపటికి తోసిన. వానకాలం కింద చెమ్మ వస్తదని బర్రెల దాణా మేడ మీదనే పెడ్తం. తవుడుల చెయ్యి పెట్టేది ఇంట్ల నేనొక్కదాన్నే. దొంగ సొమ్ము దాచినట్టే దాచిన. అట్ల దాస్తె అది దొంగ సొమ్మే అయితదని అప్పుడు తోచలే.

తెల్లారింది. గల్లీల డప్పులు చూసుకుంటున్నరు, మంట పెట్టి కాపుకుంట, కొట్టుకుంట. బండి ఆగితె నేను కిటికీల, పోతె నేను మంచం మీద. ఎన్నిసార్లు లేచిన్నో. బర్రె పాలు ఇయ్యకుంట ఎగచేపింది. పిండేటోళ్ళ భయం దానికి తెలుస్తది.

పదకొండు దాటినంక తలుపు కొట్టిండ్రు. పండుగ పనులకని బడికి సెలవు పెట్టి ఇంట్లున్న కోడలు తీసింది. "అత్తమ్మా, పోలీసాయన" అని పిలిచింది, పాలకు ఎవరో వచ్చిండ్రు అన్నట్టు.

లావుపాటి మనిషి. యాభై ఉంటయి. చెమటకు అంగీ వీపుకు అతుక్కున్నది.

"మేడ చూడాలె అవ్వా."

"ఎందుకు సారూ?"

"సోమవారం ఘటాల ఊరేగింపు మీ గల్లీ మీదికెల్లే గదా. ఎన్ని మేడలున్నయి, ఎంతమంది ఎక్కుతరు, రాళ్ళు ఇటుకలు ఏమన్న పడేసి ఉన్నయా, అన్ని చూసి రాస్కుంటున్నం. ఏటేట ఉండేదే గదా."

ఏటేట ఉండేదే. నాకు తెలుసు. పోయినేడు వచ్చినోనికి నేనే చాయ పోసిన. అయినా ఆ మాట చెవులకెక్కలే. ఆయన మెట్లెక్కుతుంటె వెనుక నేను, నా వెనుక పిల్ల. పిల్ల నా కొంగు పట్టుకున్నది, చిన్నప్పటి తీరుగ.

మేడంత చూసిండు. పిట్టగోడ ఊపి చూసిండు. పుస్తకంల రాసుకుండు. రెండు పాత ఇటుకలుంటె కింద పెట్టుమన్నడు. ఇంక దిగుతడు అనుకున్న. "జర కూసుంట అవ్వా, పొద్దటిసంది మెట్లే మెట్లు," అని రేకుల కిందికి వచ్చి, ఆ బస్తా మీద కూసున్నడు. మూడు బస్తాలున్నయి. ఆ ఒక్కదాని మీదనే.

అప్పుడు పదకొండు ఇరవై.

కోడలు చాయ పట్టుకొని వచ్చింది. ఆయన అటు జరిగిండు, ఇటు జరిగిండు.

"ఏంది అవ్వా, బస్తాల గట్టిగ తగుల్తుంది?"

"తవుడు గడ్డకట్టింది సారూ. వానకు."

ఎంత అలవోకగ వచ్చిందో ఆ మాట. అది నా మాట కాదు, మా ఇంటాయన మాట. ఇది మా ఇంట్ల పుట్టిన బర్రె.

పిల్ల దిక్కు చూసిన. అది నన్నే చూస్తున్నది. నాకు అక్షరాలు నేర్పింది అది. ఒకటో తరగతిల పలక తెచ్చుకొని, "బాపమ్మా, నువ్వు గూడ దిద్దు, లేకుంటె నేను దిద్ద" అని మొండికేసి నేర్పింది. యాభై దాటినంక నేను నా పేరు రాసిన. ఆ పిల్ల ముందట నేను అబద్ధమాడిన.

"లే సారూ," అన్న.

"ఆ?"

"జర లే. బస్తాల తవుడు ఒక్కటే లేదు."

లేచిండు. నేను మోచెయ్యి దాక చెయ్యి పెట్టి తీసిన. తువ్వాల ఇప్పిన. కవర్ ఇప్పిన. కోడలు చాయ గిలాసలు పట్టుకొని అట్లనే నిలవడ్డది. పిల్ల తెరిచి, బటన్ ఒత్తి, ఆయనకు చూపించింది. తెల్లటి అద్దం, నాలుగు లైన్లు.

ఆయన చదివిండు. రెండుసార్లు చదివిండు. తవుడు దులుపుకుండు.

"కొన్నది ఎవరు?"

"నేను," అన్న.

"సంతకం నాది సార్," అన్నది పిల్ల. "బాపమ్మ ఉత్తగనే అంటుంది. ఆధార్ గూడ నాదే ఇచ్చినం."

దాని నోరు మూయాలనిపించింది. కాని అప్పటికే అనేసింది. ఆయన చెయ్యి జేబుల పుస్తకం మీదికి పోయింది. నేను ఆ చెయ్యినే చూస్తున్న. ఆ పుస్తకంల పిల్ల పేరు పడితె, ఇంక తుడిచేది ఎవరు?

"సారూ, దాని పేరు రాయకు. నీ కాళ్ళు మొక్కుత. నన్ను తీస్కపో."

"ఏడికి తీస్కపోవాలె అవ్వా నిన్ను," అని ఆయన మళ్ళ కూసున్నడు. ఈసారి పక్క బస్తా మీద. "నేను బందోబస్తుకు వచ్చిన. గిట్లాంటియి మస్తు తిరుగుతున్నయి. ఆఫీసోళ్ళు పాతయి లాట్లకు లాట్లు అమ్ముతరు, తాళం తీసుడు మరుస్తరు. అదైన కావచ్చు. దొంగతనందైన కావచ్చు. నాకెట్ల తెలుస్తది?"

ఆయన జేబు మీదికెల్లి చెయ్యి తీసిండు.

"నేను రాస్తె అది ఠాణా కాయితమైతది. మీరే రాస్కోండ్రి. సదువొచ్చినోళ్ళు ఎవరు?"

పిల్ల నోట్‌బుక్ తెస్త అన్నది. నేను ఆపిన. "నేను రాస్త."

కోడలు నన్ను ఏందో చూసినట్టు చూసింది. పేరు, చిరునామా తప్ప నేనెప్పుడు ఏం రాయలే. ఆయన చాయ తాగుకుంట చెప్పిండు. "మొదలు రోజు రాయ్, గంట రాయ్. నడుమల జరిగింది జరిగినట్టు రాయ్, ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆఖరికి ఆడ ఎవరెవరున్నరో రాయ్. గట్లుంటె ఎవడైన నమ్ముతడు." బస్తా మీద నోట్‌బుక్ పెట్టుకొని రాసిన. పెన్ను జారుతున్నది, చేతికి తవుడు అంటి. అరపేజీకి ఆయన రెండో చాయ తాగిండు. "దాచిపెట్టింది గూడ రాయాల్నా సారూ?" అని అడిగిన. "అదే మొదలు రాయ్ అవ్వా," అన్నడు.

ఆయన పేరు రాస్త అంటె వద్దన్నడు. ఒక పోలీసాయన చూసిండు అని రాయ్, సాలు అన్నడు. ఇటుకలు కింద పెట్టుడు మరువద్దని చెప్పి మెట్లు దిగిండు.

శనివారం దుకాణం తెరిచేసరికి మేం మెట్ల మీద ఉన్నం. దుకాణపాయన మమ్ముల చూసి నవ్వబోయిండు, "పాలు ఇయ్యలేదా అమ్మా మీ భైంస్?" అని. పిల్ల అద్దం చూపించింది. నవ్వు అట్లనే ఆగింది. లోపలికి పోయి అదే రంగువి ఇంకో రెండు తెచ్చి నెట్ పెట్టిండు. రెంటి మీద అవే నాలుగు లైన్లు. ఆయన స్క్రూల సాసరు పక్కకు జరిపి రెండు చేతులు తల మీద పెట్టుకుండు.

"పూరా లాట్ కొన్న అమ్మా. ఇరవై ఉన్నయి."

దొంగ ఆయనే అయ్యుంటడని నేను ముందుగాల రాత్రంత తిట్టుకున్న. ఆయన చేతులు చూసిన. ఆయన గూడ నా తీరుగనే మోసపోయిండని తెల్సింది.

మా ముందటనే ఆ నంబరుకు ఫోన్ చేసిండు. అవతలోళ్ళు అన్నీ పక్కకు పెట్టుమన్నరట, మనిషిని పంపిస్తరట. రిజిస్టర్ల మా లైను కొట్టేసి, వాపస్ అని రాసి, పక్కన సంతకం పెట్టిండు. ఆధార్ జిరాక్స్ పిల్ల చేతికిచ్చిండు. నేనది అక్కడనే చింపి ముక్కలు ముక్కలు చేసి కొంగుల కట్టుకున్న.

నా కాయితం చదువుమని పిల్లకు చెప్పిన. ఆయన కండ్లు మూసుకొని విన్నడు. అయిపోయినంక, "దీని జిరాక్స్ ఒకటి నాకియ్యి అమ్మా," అన్నడు. "రేపు ఎవరన్న వస్తె నేనేం చెప్పాలె? మీరు తెచ్చి ఇచ్చిండ్రు, నాకు అప్పటిదాక తెల్వదు, అని ఇందులున్నది గదా." ఇచ్చిన. ఇయ్యకుంట ఎట్లుంట? కాని నా పేరున్న కాయితం ఇంకొకరి సొరుగుల ఉన్నది ఇప్పుడు.

ఆయన వేరే లాప్‌టాప్ ఇచ్చిండు. జర పాతది, మూల చిన్న పగులు. ఈసారి ఇంటికి తేలే. నెట్ పెట్టి, ఆయన దుకాణంలనే మూడు పూటలు చూసినం. పొద్దున ఒకసారి, ఆయన నమాజుకు పోయివచ్చినంక ఒకసారి, మళ్ళ మాపు ఒకసారి. నడుమల ఆయన మాకు బ్రెడ్డు, చాయ తెప్పించిండు. బిల్లు నా పేరు మీద రాయించిన. పిల్ల కొట్లాడింది. వినలే.

పిల్ల బుధవారం పోయింది. రెండు నెలలైంది. ఆ ఆఫీసు మనిషి ఇంకా రాలేదట, ఆ ఇరవై అట్లనే మూటగట్టి ఉన్నయట. వచ్చి, నా కాయితం చదివి, ఈ అవ్వ ఎవరు అని అడిగితె? గల్లీల బండి ఆగితె ఇప్పటికీ నేను కిటికీల ఉంట. అందుకే అరపేజీల రానియి అన్నీ మళ్ళ ఇట్ల వివరంగ రాసిపెట్టిన. ఎవరన్న అడిగితె ఇచ్చేటందుకు. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ శుక్రవారం పదకొండు ఇరవైకి మేడ మీద ఉన్నోళ్ళు: బందోబస్తుకు వచ్చిన పోలీసాయన. చాయ గిలాసలతోని నిలవడ్డ నా కోడలు. సంతకం నాదే అన్న నా మనుమరాలు. బస్తాల దాచిపెట్టింది, మొదలు అబద్ధమాడింది, అటెన్క బయటికి తీసింది, ఇదంత రాసింది, నేను. నా కొడుకు డ్యూటీ మీద ఉన్నడు, వానికి ఈ సంగతి తెల్వదు. వాన్ని ఇందులకు తేవద్దు.